శూన్యమును సాధించిన గెరికె

ఒక పనికై చేసిన పరికరమును మఱియొక పనికి వినియోగించుటకు చేతినేర్పు మాత్రమే చాలదు. అది పనిచేయు విధమును గ్రహించిన బుద్ధియు కావలయును. మంటల నార్పు పిచికారితో గాలిని తోడి లోకమును ఆశ్చర్యపరచిన ఓటో ఫాన్ గెరికె అట్టి బుద్ధిశాలి.

ఆయన 1602వ సంవత్సరమున జర్మనీ దేశమందలి మాగ్డెబర్గు నగరమున సంపన్న కుటుంబమున జన్మించెను. న్యాయశాస్త్రము నభ్యసించిన పిమ్మట హాలెండులోని లైడెన్ నగరమున గణితమును, దుర్గనిర్మాణ విద్యను నేర్చెను. 1631లో శత్రుసైన్యము మాగ్డెబర్గును ముట్టడించి చొరబడెను. నగరము మంటల పాలయ్యెను. ఇంచుమించు 20,000 మంది ప్రాణములు కోల్పోయిరి. గెరికె ఆస్తియంతయు నశించెను, ఆయన బందీయయ్యెను. ధనము చెల్లింపబడగా విడుదలై, కొంతకాలమునకు తిరిగివచ్చి, పాడుపడిన నగరమును మరల నిలబెట్టుటకు పాటుపడెను. 1646లో నగరాధ్యక్షులలో ఒకడయ్యెను.

ప్రకృతిలో శూన్యప్రదేశమునకు తావు లేదని అరిస్టాటిలు కాలమునుండి పండితులు వాదించుచుండిరి. వాదించుటకంటె చేసి చూచుట మేలని గెరికె తలచెను. ఆయన ఒక కొయ్యపీపాను నీటితో నింపి, సందులు మూసి, అగ్నిమాపక యంత్రములలో వాడు ఇత్తడి పిచికారిని క్రిందిభాగమున అమర్చి, నీటిని తోడించెను. నీరు వెలువడినకొలది చెక్క సందులగుండ గాలి బుసబుసమని లోనికి దూరెను. ఆ పీపాను నీరు నిండిన పెద్దపీపాలో ఉంచి మరల ప్రయత్నించెను. ఈసారి నీరే లోపలికి ఊరెను.

అంతట ఆయన కొయ్యను విడిచి రాగిగోళమును చేయించెను. నీటి ప్రసక్తి లేకుండ గాలినే నేరుగా తోడించెను. పిచికారిలోని ముషలకమును వెనుకకు లాగినపుడు ఒక కవాటము తెరచుకొని గోళములోని గాలి పిచికారిలోనికి వచ్చును. ముందునకు నెట్టినపుడు ఆ కవాటము మూసికొని, రెండవది తెరచుకొని, గాలి బయటికి పోవును. ప్రతి లాగుటకును మిగిలిన గాలిలో కొంతభాగము తగ్గుచుండును. మొదట సులభముగ కదలిన ముషలకమును రానురాను ఇద్దరు బలశాలులు సైతము కష్టముమీద లాగవలసివచ్చెను. ఇక పని ముగిసెనని తలచునంతలో, గోళము పెద్దచప్పుడుతో గుడ్డవలె నలిగిపోయెను!

చూపరులు భయపడిరి. గెరికె మాత్రము కారణమును వెదకెను. గోళము సరిగా గుండ్రముగ లేకుండుటచే బయటిగాలి ఒత్తిడికి లొంగినదని గ్రహించి, మఱియొక గోళమును లోపము లేకుండ చేయించెను. అది నిలిచెను. శూన్యము సిద్ధించెను.

1654లో రెగెన్స్‌బర్గు సభయందు ఫెర్డినాండు III చక్రవర్తి యెదుట ఆయన తన ప్రయోగములను ప్రదర్శించెను. 1657లో మాగ్డెబర్గునందు, సుమారు 50 సెంటీమీటర్ల వ్యాసముగల రెండు రాగి అర్ధగోళములను ఒకటిగా జేర్చి, లోనిగాలిని తోడించెను. ఇరుప్రక్కల ఎనిమిదేసి గుర్రములను కట్టి లాగించినను వాటిని విడదీయుట దుష్కరమయ్యెను. వాటిని పట్టియుంచినది ఇంచుమించు 2 టన్నుల బరువునకు సమానమైన గాలి ఒత్తిడియే. కుళాయి త్రిప్పి గాలిని లోనికి విడువగనే అవి సులభముగ విడిపోయెను.

ఈ వార్తను చదివిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు బాయిల్, రాబర్టు హుక్ సహాయమున మేలైన గాలిపంపును నిర్మింపజేసి, గాలి గుణములను పరిశోధించెను. గెరికె తన ప్రయోగముల నన్నింటిని 1672లో గ్రంథరూపమున ప్రకటించి, 1686లో హాంబర్గు నగరమున మరణించెను. ఆయన అర్ధగోళములు మ్యూనిచ్ నగరపు ప్రదర్శనశాలలో నున్నవి.

పాత రిఫ్రిజిరేటరులోని కంప్రెసరును ఊడదీసి, గాలిని పీల్చుకొను దానిగొట్టమును పాత్రకు తగిలించి, శూన్యపంపుగ వాడుకొనువారు నేడును కలరు. పిచికారి మారినను మార్గము గెరికె చూపినదే. కాలిన నగరమును, నలిగిన గోళమును చూచి చేతులు ముడుచుకొని కూర్చుండక, మరల కట్టిన ఆయన పట్టుదల విద్యార్థులకు ఆదర్శప్రాయము.