ఊరికి నీళ్లు తెచ్చిన డార్సీ

బిగుతైన రాతిలో చిక్కుకున్న గ్యాస్ కోసం నీళ్లు, ఇసుక భారీ ఒత్తిడితో పంపి రాయిని పగలగొడతారు. అదే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్. అందులో లాభమెంతో లెక్కగట్టే సూత్రం ఒక తాగునీటి ఇంజనీరుదని మీకు తెలుసా?

హెన్రీ డార్సీ 1803లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో పుట్టారు. 14 ఏళ్లకే తండ్రి పోయారు. చదువు ఆగకుండా చూసింది తల్లే. ఇంజనీరై సొంత ఊరికి వచ్చి, 12 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఊట నుంచి 1840లో నీళ్లు తెచ్చారు. పంపుల్లేవు, నేల వాలే ఆధారం. ఫీజు వద్దన్నారు. జీవితాంతం ఇంటికి ఉచితంగా నీళ్లు మాత్రం ఒప్పుకున్నారు (నీళ్ల బిల్లు కట్టే మనకు దాని విలువ తెలుసు!).

తర్వాత ఆరోగ్యం దెబ్బతింది. అయినా 1855, 1856లో ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్లు పంపి కొలిచారు. ఒత్తిడి తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, దారి పొడవైతే తగ్గుతుంది. అంతే సూత్రం. 1858లో కన్నుమూశారు.

రాయి ఎంత సులువుగా దారినిస్తుందో కొలిచే యూనిట్‌కు ఆయన పేరే పెట్టారు. బిగుతైన గ్యాస్ రాళ్లలో అది డార్సీలో పదివేలవ వంతు కూడా ఉండదు. పగులగొట్టినా రాయి గుణం మారదు, గ్యాస్ నడవాల్సిన దూరం తగ్గుతుంది. పగులు మూసుకుపోకుండా ఇసుక ఆపుతుంది. మొదటి రోజుల ఉరవడి చూసి మురిసిపోతే తొందరపాటే. నెలల తరబడి వచ్చిన గ్యాస్ కొలుస్తారు. పగులు లేకుంటే ఆ బావి ఎంత ఇచ్చేదో డార్సీ సూత్రంతో లెక్కిస్తారు. ఆ తేడా ఖర్చుకు మించాలి. ఆ ఖర్చులో బావిలోకి పంపిన నీళ్లదీ వాటా ఉంటుంది.