శాంతినికేతన గురుదేవుడు

కలకత్తా నగరములోని జొరాసంకో అను ప్రాంతమున ఠాకూరు వంశమువారి పెద్ద భవనము కలదు. ఆ భవనపు వసారాలో ఒక చిన్న బాలుడు బెత్తము చేతబట్టి ప్రతిదినమును పాఠములు చెప్పుచుండెడివాడు. అతని శిష్యులు మనుష్యులు కారు. వసారాకు అడ్డముగా నిలిపిన కొయ్యకమ్ములు. వానిలో కొన్ని బుద్ధిగలవి, కొన్ని మందబుద్ధులు అని ఆ బాలుని నిర్ణయము. మందబుద్ధులైన కమ్ములకు దెబ్బలు తప్పెడివి కావు. ఉపాధ్యాయుడు చెప్పిన పాఠము అతని తలకు ఎక్కలేదు గాని, ఉపాధ్యాయుని కోపము మాత్రము చక్కగా పట్టుబడినది.

ఆ బాలుడే రవీంద్రనాథ ఠాకూరు. పెద్దవాడైన పిమ్మట ఆతడు నిజముగనే ఒక పాఠశాలను స్థాపించెను. ఆ పాఠశాలలో బెత్తమునకు చోటు లేకపోయెను.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన జన్మించెను. జనులచే మహర్షి యని పిలువబడిన దేవేంద్రనాథ ఠాకూరు ఆతని తండ్రి, శారదాదేవి తల్లి. వారి సంతానములో ఆతడు పదునాలుగవవాడు. పెద్ద యింటి పిల్లవాడయ్యును ఆతడు సేవకుల చేతులలోనే పెరిగెను. శ్యాముడను సేవకుడు ఆ బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దముక్కతో గీత గీసి, దానిని దాటిన ఆపద కలుగునని బెదరించి తన పనిమీద పోవుచుండెను. గీత దాటిన సీతాదేవికి కలిగిన కష్టములను బాలుడు రామాయణమున చదివియుండెను. కావున అడుగు కదపక, కిటికీలోనుండి కనబడు చెరువును, దాని గట్టునగల మఱ్ఱిచెట్టును చూచుచు ప్రొద్దుపుచ్చెడివాడు.

పాఠశాల ఆతనికి మఱియొక గీతవలె తోచెను. పాఠము అప్పజెప్పలేని పిల్లవానిని బల్లపై నిలువబెట్టి, చాచిన చేతులపై పలకలు పేర్చుట ఆనాటి శిక్షలలో ఒకటి. ఒక పాఠశాలలో ప్రతిదినమును పిల్లలందఱు కలిసి ఒక ఆంగ్లగీతమును పాడవలసియుండెను. దాని యర్థము పిల్లలలో ఎవరికిని తెలియదు. పలుకగా పలుకగా అందలి మాటలు రూపు చెడి ఏ భాషకును చెందకుండ పోయెను. నాలుగు పాఠశాలలు మాఱినను రవీంద్రునికి ఒక్కటియు రుచింపలేదు. పదునాలుగు పదునైదేండ్లు వచ్చునప్పటికి ఆతడు బడికి పోవుటయే మానివేసెను.

ఇంటివద్ద చదువులకు లోటు లేకుండెను. తెల్లవాఱకమునుపే కుస్తీ నేర్పువాడు వచ్చెడివాడు. తరువాత గణితము, సంస్కృతము, శరీరశాస్త్రము, చిత్రలేఖనము, సంగీతము ఒకదానివెంట ఒకటి వచ్చుచుండెను. రాత్రి దీపము వెలిగించిన పిమ్మట ఆంగ్లోపాధ్యాయుని వంతు. వీధులన్నియు నీటితో నిండిన వానరాత్రి, నేడు అయ్యవారు రారుగదా యని బాలుడు సంతసించునంతలో, ఆ వీధిమలుపున నల్లని గొడుగు కనబడెడిది! అయినను అన్నగారైన హేమేంద్రనాథుడు చేసిన ఒక మేలును రవీంద్రుడు ఎన్నడును మఱవలేదు. ఇతర బాలురు ఆంగ్లముతో కుస్తీ పట్టుచున్న కాలమున, ఆయన తన తమ్ములకు మొదట మాతృభాషలోనే సమస్తమును నేర్పించెను.

1873వ సంవత్సరమున రవీంద్రునకు ఉపనయనమయ్యెను. అటుపిమ్మట తండ్రి ఆతనిని వెంటబెట్టుకొని హిమాలయ యాత్రకు బయలుదేఱెను. దారిలో బోల్పూరు గ్రామసమీపమున వారు కొన్ని దినములు విడిసిరి. అచట దేవేంద్రనాథుడు 1863లో కొంత బీడుభూమిని తీసికొని, ధ్యానమునకై ఒక గృహమును కట్టించి, దానికి శాంతినికేతనమని పేరిడియుండెను. సుద్దగీతలో పెరిగిన బాలునికి అచట ఏ గీతయు లేకుండెను. వాన కోతకు గండ్లు పడిన ఎఱ్ఱమట్టి నేలలో తిరిగి ఆతడు రంగురాళ్లను ఏఱితెచ్చిన, తండ్రి మందలింపక మెచ్చుకొనెను. తన బంగారు గడియారమునకు దినదినమును తాళమిచ్చు పనిని, కొంత ధనమును లెక్కతో కాపాడు పనిని ఆయన కుమారునికే అప్పగించెను. బాలుడు అత్యుత్సాహముతో తాళము త్రిప్పగా గడియారము చెడి మరమ్మతుకు కలకత్తా చేరెను. అయినను తండ్రి కోపపడలేదు. హిమాలయములందలి డల్హౌసీలో ఆయన వేకువన సంస్కృతము చెప్పెడివాడు. రాత్రులందు ఆకాశమును చూపి నక్షత్రములను గుర్తింప నేర్పెడివాడు. నాలుగు పాఠశాలలు చేయలేని పనిని ఆ కొద్ది మాసములు చేసినవి.

1878లో రవీంద్రుడు న్యాయశాస్త్రము చదువుటకై ఇంగ్లాండు వెళ్లెను గాని, ఏ పట్టమును లేకయే 1880లో మరలివచ్చెను. 1883లో మృణాళినీదేవితో ఆతనికి వివాహమయ్యెను. అటుపిమ్మట పద్మానదీతీరమున షెలైదా మొదలగు గ్రామములలో కుటుంబపు జమీందారీ వ్యవహారములు చూచుచు, రైతుల సుఖదుఃఖములను కన్నులార చూచెను. ఇంటిలో పలుకు భాష ఒకటి, బడిలో చదువు భాష మఱియొకటియై, బాలుని చదువు ఆతని జీవితమునకు అంటకుండ పోవుచున్నదని 1892లో ఒక వ్యాసము వ్రాసెను. తన బిడ్డలను ఏ బడికిని పంపక ఇంటనే చదివించెను. కాని తన బిడ్డలకు మాత్రము మేలు చేసికొనిన చాలునా యను ప్రశ్న ఆతనిని విడువలేదు.

1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన శాంతినికేతనమున బ్రహ్మచర్యాశ్రమమను పాఠశాల ఆరంభమయ్యెను. నాటి విద్యార్థులు ఐదుగురు. అందొకడు రవీంద్రుని పెద్దకుమారుడు రథీంద్రనాథుడు. తొలిదినములలో పిల్లలవద్ద జీతము తీసికొనలేదు, భోజనవసతులును పాఠశాలవే. ఖర్చులకు చాలక రవీంద్రుడు పూరీలోని తన సముద్రతీరపు గృహమును అమ్మెను. మృణాళినీదేవి తన నగలను ఒలిచి యిచ్చెను.

ఆ పాఠశాల కార్యక్రమమును చూచినచో, రవీంద్రుడు తన బాల్యమున ఏది బాధించెనో దానిని తొలగించి, ఏది ఆనందమిచ్చెనో దానిని చేర్చెనని తెలియును. బాలురు వేకువన గంట వినగానే లేచి, తమ గదులను తామే ఊడ్చుకొని, స్నానముచేసి, కొంతసేపు మౌనముగా ధ్యానించి, కలసి ప్రార్థన చేసెడివారు. తరువాత తమ తమ ఆసనములను చంకనిడుకొని చెట్లక్రిందకు పోయెడివారు. మామిడితోపులో ఒక తరగతి, సాలవృక్షముల నీడ ఇంకొక తరగతి. బోధన వంగభాషలోనే సాగెను. ఆంగ్లమును బట్టీపట్టింపక సంభాషణలతోను చేతలతోను నేర్పుటకు రవీంద్రుడు స్వయముగా పాఠ్యపుస్తకములు వ్రాసెను. జగదానంద రాయ్ అను ఉపాధ్యాయుడు పురుగులను, పక్షులను, నక్షత్రములను చూపి విజ్ఞానశాస్త్రమును కథవలె చెప్పెడివాడు. సంగీతము, చిత్రలేఖనము, తోటపని తీరికవేళల పనులుగా గాక చదువులో భాగములయ్యెను. సాయంకాలము ఆటలు; దీపములు పెట్టిన పిమ్మట కథలు, పాటలు, నాటకములు. ఆదివారమునకు మాఱుగా బుధవారము సెలవు. తప్పుచేసిన బాలుని విచారించుటకు బాలురే ఎన్నుకొనిన న్యాయసభ యుండెను. బాలురు చేతివ్రాత పత్రికలను నడిపిరి. పెద్ద తరగతులవారు సమీపమునగల సంతాలుల పల్లెలకు పోయి అచటి పిల్లలకు చదువు చెప్పిరి.

ఉపాధ్యాయులును అట్టివారే లభించిరి. సతీశ్‌చంద్ర రాయ్ అను యువకవి తన చదువును విడిచి వచ్చి, 1904లో మశూచికమున ఇరువది రెండేండ్లు దాటకమునుపే మరణించెను. హరిచరణ్ బందోపాధ్యాయుడు జమీందారీ కచేరీలో గుమాస్తాగా నుండగా, ఆతని సంస్కృతాభిరుచిని గుర్తించి రవీంద్రుడు ఆశ్రమమునకు రప్పించెను. ఆతడు బడిపని చేయుచునే 1905లో వంగభాషా నిఘంటువును ఆరంభించి, అది పూర్తిగా అచ్చగువఱకు ఇంచుమించు నలువది సంవత్సరములు పాటుపడెను.

పాఠశాల పెఱుగుచుండగా రవీంద్రుని యిల్లు శూన్యమగుచు వచ్చెను. 1902లో భార్యయు, 1903లో కుమార్తె రేణుకయు, 1905లో తండ్రియు మరణించిరి. చిన్నకుమారుడు శమీంద్రుడు ఆశ్రమ విద్యార్థి. 1907 తొలిమాసములలో ఆ పదేండ్ల బాలుడు తోడి పిల్లలను చేర్చి, ఋతువుల వేషములు కట్టించి, వసంతోత్సవము జరిపెను. ఆ యేడే నవంబరులో కలరా సోకి ఆతడు మరణించెను. రవీంద్రుడు పాఠశాలను మూయలేదు. మరుసటి యేడు ఆశ్రమ బాలురు ఆడుటకై శారదోత్సవమను నాటకమును వ్రాసియిచ్చెను. శమీంద్రుడు మొలకెత్తించిన వసంతోత్సవము నానాటికి పెఱిగి శాంతినికేతనపు ముఖ్యమైన పండుగలలో ఒకటి యయ్యెను.

దుఃఖమునకు లొంగని రవీంద్రుడు ఒక విషయమున మాత్రము లొంగవలసివచ్చెను. పిల్లలు కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షకు కూర్చుండవలెనని తల్లిదండ్రులు కోరిరి. పరీక్షలేని బడికి పిల్లలను పంపువారు లేరు. పరీక్షయున్నచో పై తరగతులలో బట్టీచదువు తప్పదు. రవీంద్రుడు అయిష్టముగనే అంగీకరించెను. ఈ వేదనతోనే 1918లో చిలుక కథ యొకటి వ్రాసెను. అందు ఒక రాజు చిలుకకు చదువు చెప్పింప నాజ్ఞాపించును. బంగారు పంజరము సిద్ధమగును, పుస్తకముల కాగితములను చిలుక నోట కుక్కుదురు, పండితులకు బహుమానములు ముట్టును, చిలుక చచ్చును. 1924లో రవీంద్రుడు పేదపల్లె బాలురకై శిక్షాసత్రమను వేఱొక పాఠశాలను నెలకొల్పెను. దానికి పరీక్షాబంధము లేదు. సేద్యము, నేత, వంట మొదలగు పనులద్వారానే అచట చదువు సాగెను. 1927లో అది సమీపమునగల శ్రీనికేతనమునకు మాఱెను.

1913లో రవీంద్రునికి నోబెలు బహుమానము లభించెను. ఆ ధనమును ఆతడు పతిసర్ గ్రామమున రైతులకై పెట్టిన బ్యాంకులో నిలువచేసి, వడ్డీని పాఠశాలకు వినియోగించెను. 1915 మార్చి 10వ తేదీన గాంధీమహాత్ముని ప్రోత్సాహముపై విద్యార్థులు, ఉపాధ్యాయులు వంటయు, పారిశుద్ధ్యమును తామే చేపట్టిరి. ఆ యేర్పాటు చిరకాలము సాగకున్నను, ఏటేట ఆ దినమున పనివారికి విశ్రాంతి యిచ్చి ఆశ్రమవాసులే ఆ పనులు చేయు ఆచారము నిలిచెను.

1921లో ఆ చిన్న పాఠశాలనుండి విశ్వభారతి వెలసెను. ఆంధ్రదేశమునకును రవీంద్రునికిని మంచి సంబంధము కలదు. 1919 ఫిబ్రవరిలో ఆతడు నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో విశ్రమించి, అచటి దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమన గీతమును ఆంగ్లమునకు అనువదించెను. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనమున విద్య నభ్యసించినవారే.

సంస్థ పెఱిగిన కొలది ధనపు చిక్కులును పెఱిగెను. ముదిమిలోను రవీంద్రుడు విద్యార్థుల నాట్యబృందముతో ఊరూర తిరిగి ప్రదర్శనలిచ్చి ధనము కూర్చెను. 1936లో, తన డెబ్బదియైదవ యేట, అట్లే ఢిల్లీ చేరగా, గాంధీమహాత్ముడు ఆ శ్రమను చూడలేక దాతలవలన 60,000 రూపాయలు సమకూర్చియిచ్చెను. 1940లో మహాత్ముడు శాంతినికేతనమునకు వచ్చి మరలునప్పుడు, తన పిమ్మట ఆ సంస్థను కాపాడవలసినదని కోరుచు రవీంద్రుడు ఆయన చేతికొక లేఖ నిచ్చెను. 1941వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన, తాను జన్మించిన జొరాసంకో భవనముననే కన్నుమూసెను.

1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. తొలినాటి పాఠశాల పాఠభవనమను పేరుతో నిలిచియున్నది. ఆసనములు చంకనిడుకొని బాలబాలికలు నేటికిని అచటి చెట్లక్రింద పాఠములు వినుచున్నారు. చెట్టుపై పక్షి పలికినప్పుడు ఏ బాలుడైన తలయెత్తి చూచిన, దానికి శిక్ష లేదు. తన బాల్యమున తాను పొందని యీ చిన్న స్వేచ్ఛను ఇతరుల పిల్లలకు ఇచ్చుటకై రవీంద్రుడు నలువది సంవత్సరములు శ్రమించెను.