సర్ రోనాల్డ్ రాస్

కృష్ణాతీరాన, నల్లమల అంచున నివసించే మన కొల్లాపూర్ ప్రాంతీయులకు చలిజ్వరం పేరు కొత్తది కాదు. ఆ జ్వరానికి మూలమైన పరాన్నజీవి దోమలో పెరుగుతుందని మన సికింద్రాబాదులోనే కనుగొన్న వైద్యుడు సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉన్నతాధికారి. కుమారుని మనస్సు కవిత్వ సంగీతాలపై లగ్నమైనా, తండ్రి కోరిక మేరకు లండనులో వైద్యం చదివి, 1881లో భారత వైద్య సర్వీసులో చేరారు.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు చూశారు. అది ఒకరినుండి మరొకరికి ఎట్లా చేరుతుందో మాత్రం తెలియలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని రాస్‌కు సూక్ష్మదర్శినిలో చూపి, దోమలను పరీక్షించమని ప్రోత్సహించారు. మరుసటి సంవత్సరం రాస్ సికింద్రాబాదు చేరారు.

ఎన్నో దోమలను కోసి చూచినా చాలాకాలం ఫలితం శూన్యం. దోమల శకలాలు ఎగిరిపోతాయని పంకా వేయించుకోలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, తన శరీరాన్ని దోమకాటుకు అప్పగించారు. ఆగస్టు 20న అట్టి దోమ జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు రాస్‌కు కనిపించాయి. 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా సంక్రమిస్తుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి పొందిన రాస్ 1932 సెప్టెంబరు 16న దివంగతులయ్యారు.

దోమలో ఆ జీవి నడచిన దారిని రాస్ చూపారు. మన రక్తకణంలో అది సాగించే వ్యవహారం తరువాతి తరాలకు గాని బోధపడలేదు. ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. కొత్త మాంసకృత్తులను తయారుచేసే శక్తి దానికి లేదు. అందువల్ల కణంలో ఒక పొరసంచిలో దాగిన పరాన్నజీవి, వందల రకాల మాంసకృత్తులను తానే తయారుచేసి, సంచి దాటించి కణంలోకి పంపుతుంది. వాటిలో అనేకాలపై ఉత్తరం మీది చిరునామా వంటి గుర్తు ఉందని 2004లోను, అవి పొర దాటే ద్వారం ఉందని 2009లోను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఫాల్సిపారం అనే ప్రమాదకర జాతి పంపిన మాంసకృత్తులు కణం పైభాగాన బుడిపెలు లేపుతాయి. ఆ కణాలు రక్తనాళాల గోడలకు అంటుకొని, పాడైన కణాలను ఏరివేసే ప్లీహానికి చిక్కకుండా తప్పించుకుంటాయి. మెదడు నాళాలలో అట్లా పేరుకుంటే ప్రాణాపాయమే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం సామెత. ఈ అతిథి వాసాలనే మార్చివేస్తుంది.

విద్యార్థులారా! బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం నేడు ఆయన పేరుతోనే ఉన్నది. అటు వెళ్ళినప్పుడు తప్పక దర్శించండి. రాస్ ఓర్పుతోపాటు, జ్వరంతో కాగుతూ దోమలకు తన రక్తాన్నిచ్చిన హుసేన్ ఖాన్‌ను కూడా స్మరించండి. ఆ నిరుపేద రోగి సహకారం లేనిదే ఆ దోమలో రాస్‌కు చూడదగినది ఏదీ ఉండేది కాదు.