పొంతి పిలాతు - చేతులు కడుగుకొనిన అధిపతి

ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణము చెప్పునప్పుడు మనము ప్రభువు పేరు, ఆయన తల్లి మరియమ్మ పేరు, మరి ఒకరి పేరు పలుకుతాము. ఆ మూడవ పేరు పేతురుది కాదు, పౌలుది కాదు. ప్రభువుకు మరణశిక్ష విధించిన రోమా అధిపతి పొంతి పిలాతుది. శతవార్షికోత్సవ సమయములో ఇతని జీవితమును జ్ఞాపకము చేసికొనుట మనకు మేలు కలిగించునని మేము తలంచాము.

యూదయ క్రీ.శ. 6లో రోమా అధిపతుల పాలన క్రిందికి వచ్చినది. ఆ అధిపతి చేతిలో పన్నులు, సైన్యము మాత్రమే గాక ప్రజల ప్రాణములు కూడ ఉండేవి. యూదుల మహాసభ ఒకనిపై నేరము మోపవచ్చును గాని, సిలువ శిక్షకు అధిపతి ఆజ్ఞ కావలసినదే. క్రీ.శ. 26 మొదలు 36 వరకు, తిబెరి కైసరు కాలములో, ఈ పదవిలో ఉన్నవాడు పిలాతు. అతని నివాసము సముద్రతీరమందలి కైసరయ. పండుగలకు యెరూషలేము వచ్చేవాడు. 1961లో కైసరయ త్రవ్వకములలో అతని పేరు, పదవి చెక్కిన రాయి దొరికినది.

యూదు చరిత్రకారుడైన జోసీఫసు ఇతనిని గూర్చి కొన్ని సంగతులు వ్రాశాడు. పిలాతు ఒక రాత్రి కైసరు ప్రతిమలు గల సైనిక ధ్వజములను యెరూషలేములోనికి తెప్పించాడు. ప్రజలు కైసరయకు వెళ్లి దినముల తరబడి మొరపెట్టారు. సైనికులు చుట్టుముట్టి కత్తులు దూయగా వారు మెడలు చాచారు. పిలాతు వెనుకకు తగ్గి ధ్వజములను తీసివేయించాడు. మరియొకసారి దేవాలయపు సొమ్ముతో నీటి కాలువ కట్టించగా ప్రజలు ఎదిరించారు. అప్పుడు మారువేషములలో ఉన్న సైనికులచేత వారిని కొట్టించాడు. అనేకులు చనిపోయారు.

ఇట్టివాని యెదుట మన ప్రభువు నిలిచాడు. ఆయనలో నేరము లేదని పిలాతు గ్రహించాడు. భార్య కబురు పంపి హెచ్చరించినది. ఆయనను హేరోదు నొద్దకు పంపి చూశాడు. బరబ్బను ముందుకు తెచ్చి చూశాడు. విడుదల చేయుటకు అధికారము లేకపోలేదు. కైసరుకు స్నేహితుడు కాడను మాట పడునేమోనని భయపడ్డాడు. నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొన్నాడు, శిక్ష మాత్రము అమలు చేయించాడు. సిలువపై మూడు భాషలలో పలక వ్రాయించి, దానిని మార్చుమని యాజకులు అడిగినప్పుడు మార్చలేదు. పలక విషయములో నిలిచిన ధైర్యము ప్రాణము విషయములో నిలువలేదు.

ఆ నేరమును యూదు జాతి అంతటిపై మోపి క్రైస్తవులు శతాబ్దముల పాటు వారిని హింసించుట మన చరిత్రలోని మచ్చ. విశ్వాస ప్రమాణము ఏ జాతినీ పేర్కొనలేదు. ఆజ్ఞ ఇచ్చిన అధిపతినే పేర్కొన్నది.

క్రీ.శ. 36లో గెరిజీము కొండ దగ్గర కూడిన సమరయులను పిలాతు చంపించాడు. వారు సిరియా అధిపతియైన విటెల్లియుకు ఫిర్యాదు చేయగా, అతడు పిలాతును సంజాయిషీ చెప్పుకొనుటకు రోమాకు పంపాడు. పిలాతు రోమా చేరకముందే, క్రీ.శ. 37లో, తిబెరి చనిపోయాడు. ఎవరి దయ తప్పిపోవునని పిలాతు భయపడ్డాడో ఆ కైసరు అతనికి మిగలలేదు.

మన రాజ్యాంగము 161వ అధికరణములో గవర్నరుకు శిక్షను తగ్గించు, క్షమించు అధికారము నిచ్చినది. అట్టి కాగితము ఎదుట కూర్చొను వారి కొరకు మనము ప్రార్థించవలెను. మన కమిటీలలో సహితము ఒకడు నిర్దోషియని తెలిసియు, నలుగురికి జడిసి ఊరకుండు సమయములు వచ్చును. పిలాతు చేతులు నీటితో తడిసినవే గాని శుద్ధి కాలేదు. వచ్చే ఆదివారము ఆ పేరు పలుకునప్పుడు మన చేతులను కూడ చూచుకొందము.