మృత్యుకిరణం అడిగితే.. రాడార్‌ ఇచ్చారు!

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. ఐదు కిలోమీటర్ల దూరంలో, కిలోమీటరు ఎత్తులో దాదాపు నాలుగున్నర లీటర్ల నీళ్లున్నాయి. రేడియో తరంగాలతో వాటిని 37 నుంచి 41 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేయాలంటే ఎంత పవర్‌ కావాలి?

1935 మొదట్లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్‌ విల్కిన్స్‌ అనే యువ ఉద్యోగికి దాదాపు ఇదే లెక్క ఇచ్చారు, ఆయన బాస్‌ రాబర్ట్‌ వాట్సన్‌ వాట్‌. ఎందుకో చెప్పలేదు. నాలుగున్నర లీటర్లు, ఒంటి వేడి... విల్కిన్స్‌కి ఇట్టే వెలిగింది. అది పైలట్‌ ఒంట్లో రక్తం!

వాట్సన్‌ వాట్‌ 1892లో స్కాట్లాండ్‌లోని బ్రెకిన్‌లో పుట్టారు. తండ్రి వడ్రంగి. డండీలో ఇంజినీరింగ్‌ చదివి, 1915లో చేరింది ఎక్కడో తెలుసా? వాతావరణ శాఖలో. పిడుగులు పుట్టించే రేడియో సంకేతాలను పట్టుకుని, తుపాను మేఘాలు ఎటున్నాయో పైలట్లకు ముందే చెప్పాలన్నది పని. మనమైతే కోర్‌ జాబ్‌ కాదని మొహం చిట్లించేవాళ్లమేమో. సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో తెర మీద చూడటం, క్షణంలో మాయమయ్యేదాన్ని పట్టుకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నారు.

హెచ్‌.జి.వెల్స్‌ 1898 నాటి నవలలో అంగారకవాసులు వేడి కిరణంతో మనుషుల్ని కాల్చేస్తారు. ఆ ఊహ జనంలో అలాగే ఉండిపోయింది. మృత్యుకిరణం కనిపెట్టామంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వంద గజాల దూరంలోని గొర్రెను కిరణంతో చంపి చూపిస్తే వెయ్యి పౌండ్లు ఇస్తామంది బ్రిటన్‌ వైమానిక శాఖ. ఎవరూ గెలవలేదు. చివరికి అసలు ఇది కుదిరే పనేనా అని వాట్సన్‌ వాట్‌నే అడిగింది.

లెక్క మళ్లీ చూడండి. కావాల్సిన వేడి 75 కిలోజౌళ్లు. వెయ్యి వాట్ల కెటిల్‌కి నిమిషంపావు పని, అంతే! చిక్కంతా దూరంతోనే. రేడియో తరంగం పోనుపోను విచ్చుకుంటుంది. పైలట్‌ దాకా చేరేది పిసరంత. కుదరదని విల్కిన్స్‌ తేల్చేశారు.

అక్కడితో ఫైల్‌ మూసేయొచ్చు. కానీ చంపడం కుదరకపోతే ఇంకేం చేయగలమని వాట్సన్‌ వాట్‌ అడిగారు. విమానాలు దగ్గరగా వెళ్తే రేడియో సిగ్నల్‌ చెదురుతోందని పోస్టాఫీసు ఇంజినీర్లు గమనించిన సంగతి విల్కిన్స్‌ గుర్తుచేశారు. విమానాన్ని వేడెక్కించలేని తరంగం దాన్ని తాకి వెనక్కి వస్తే చాలు కదా!

1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలో బీబీసీ ట్రాన్స్‌మిటర్‌ తరంగాల మధ్య ఒక హేఫోర్డ్‌ బాంబర్‌ ఎగిరింది. సుమారు 13 కిలోమీటర్ల దూరం దాకా దాని జాడ తెర మీద కనిపించింది. వాట్సన్‌ వాట్‌ అన్నివిధాలా మేలైన పరికరం కోసం ఆగలేదు. చేతిలో ఉన్న టెక్నాలజీతో, టైముకి పని చేసేది చాలన్నారు. అలా తీరం వెంబడి లేచిన ‘చైన్‌ హోమ్‌’ రాడార్‌ టవర్లే 1940లో జర్మన్‌ విమానాల రాకను ముందే పసిగట్టాయి. ఆయనకు 1942లో సర్‌ బిరుదొచ్చింది. విల్కిన్స్‌ పేరు ఎంతమందికి తెలుసు? నాకైతే అది ఇప్పటికీ అన్యాయమే అనిపిస్తుంది.

యుద్ధం తర్వాత కెనడాలో కారు స్పీడుగా నడిపి, రాడార్‌ గన్‌కి దొరికిపోయి జరిమానా కట్టారు వాట్సన్‌ వాట్‌. 1973లో కన్నుమూశారు.

మరి మృత్యుకిరణం? రేడియో తరంగంలా విచ్చుకోని లేజర్‌ 1960లో వచ్చాక లెక్క మారింది. డీఆర్‌డీవోకి చెందిన హైదరాబాద్‌లోని చెస్‌ ల్యాబ్‌ తయారుచేసిన 30 కిలోవాట్ల లేజర్‌ ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌ 13న కర్నూలు దగ్గర పరీక్షించారు. డ్రోన్లను కూల్చింది. గేట్‌ రాసేవాళ్లు ఈ ల్యాబ్‌ పేరు గుర్తుపెట్టుకోండి. అన్నట్టు, ఏప్రిల్‌ 13 వాట్సన్‌ వాట్‌ పుట్టినరోజు కూడా. ఆ లేజర్‌కి లక్ష్యం ఎక్కడుందో చూపించే సాధనాల్లో ఒకటి రాడారే.