ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

విశ్వవిద్యాలయములలో పరిశోధక వేతనములును, ఉద్యోగములును పంచియిచ్చు అధికారము గలవారు అభ్యర్థి ప్రజ్ఞను తూచుటకు మాఱుగా నాతని వేషమును, పుట్టుకను తూచినచో నేమగునో తెలిసికొనగోరువారు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును పరిశీలింపవలెను.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి, మూడవమాఱు గెలిచిరి. సోదరు లిరువురు కొలదిదినముల వ్యవధిలో స్ప్రూ యను సంగ్రహణివ్యాధికి బలియైరి. ఆ దుఃఖ మాయనను జీవితాంతము విడువలేదు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఆయన ఖద్దరు ధరించిరి. అది శస్త్రచికిత్సాచార్యునకు కంటగింపయ్యెను. ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో నుద్యోగమునకై చేసిన యత్నము ఫలింపలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో నుపన్యాసకులుగా కుదురుకొనిరి.

పిమ్మట మామగారి సాయముతోడను, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి యండతోడను అమెరికాకు బోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున జేరిరి. చేత ధనము చాలక, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనిరి. అట్టివాడు 1925లో ఫిస్కేగారితో గలిసి రక్తమందును, మూత్రమందును భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని గూర్చిన పరిశోధనలు వెలువడెను. కండరములకు శక్తి యెట్లు చేకూరునో వీనివలన తేటపడెను. 1930లో డాక్టరు పట్టము వచ్చెను. ఇంత జరిగినను హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నొసగలేదు. 1940లో ఆ విద్యాలయమును వీడి లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనాలయమున జేరిరి.

విద్యాపీఠము కాదన్న ప్రజ్ఞ కచ్చట ద్వారములు తెఱచుకొనెను. ఆయన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికే అది ఔషధమయ్యెను. ఆ బృందమే రూపొందించిన అమినోప్టెరినుచే రక్తపుకాన్సరుగల పసిబిడ్డలకు తాత్కాలికముగనైన నుపశమనము కలిగినదని 1948లో ఫార్బరు వైద్యుడు ప్రకటించెను. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజానును, డగ్గరుగారు కనుగొన్న ఆరియోమైసినును ఆ పరిశోధనాలయమునుండి వెలువడినవే. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, ఆయన పరదేశముననే కన్నుమూసిరి.

ఉద్యోగ మొకచోట దొరకకున్న వేఱొకచోట దొరికినది గదా, నష్టమేమని కొంద ఱనవచ్చును. ఈ వాదము మాకు సమ్మతము కాదు. మామగారి సాయమును, ఒక ధర్మనిధి యండయు నున్నందున నీయన నిలిచెను. అవి లేక మఱుగుపడిన వారి పేరులు మన కెన్నడును తెలియరావు. పట్టము నిరాకరించిన చేతికిని, పదవి నిరాకరించిన చేతికిని నడుమ నాయనను నిలిపినది ఒక ధర్మదాత విడిచిపోయిన సొత్తు. సత్రములును, గుడిగోపురములును కట్టించు మన భూస్వాములును, వర్తకులును ఈ సంగతి మనసున నుంచుకొందురు గాక! విద్యార్థి ధరించిన గుడ్డను గాక, చేసిన పనిని చూచి వేతన మిచ్చు నిధి యొక్కటి ప్రతి పట్టణమున నున్నచో, మఱియొక సుబ్బారావుగారు రాత్రులందు కూలిపని చేయవలసిన యగత్యము తప్పునని మా విశ్వాసము.