చే గువేరా: ఇద్దరు మిత్రుల పర్వతయాత్ర

దేశాటనము విద్యలో ఒక భాగమని మన పెద్దలు తలంచిరి. గ్రంథపఠనము వలన లోకము తెలియును. దేశములు తిరుగుట వలన లోకులు తెలియుదురు. ఈ రెండు విద్యలను ఆర్జించి, వాని ఫలితముగా తన జీవితమార్గమునే మార్చుకొన్నవాడు ఎర్నెస్టో గువేరా. చే గువేరా యను పేరు వినని వారరుదు. కాని ఆయుధము పట్టుటకు ముందు, వైద్యవిద్యార్థిగా నుండగా, ఒక మిత్రునితో మోటారు సైకిలుపై ఆయన బయలుదేరిన యాత్రను గూర్చి తెలిసినవారు కొలదిమందియే.

ఎర్నెస్టో 1928వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున, రొసారియో నగరమునందు జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే ఉబ్బసము ఆయనను పట్టుకొనెను. అది కడవరకు విడువలేదు. పొడిగాలి మేలుచేయునని తలిదండ్రులు కార్డోబా కొండల చెంతనున్న ఆల్టా గ్రాసియా పట్టణమునకు కాపురము మార్చిరి. బడికి పోలేని దినములలో తల్లి సీలియా ఇంటివద్దనే చదువు చెప్పెను. ఊపిరాడక మంచము పట్టిన బాలునకు గ్రంథములే తోడైనవి. పిమ్మట ఆయన బ్యూనస్ ఏర్స్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యలో చేరెను.

ఆయన మిత్రుడు అల్బెర్టో గ్రనాడో జీవరసాయన శాస్త్రజ్ఞుడు. వయస్సున ఆరేండ్లు పెద్దవాడు; కుష్ఠురోగుల వైద్యశాలలో పనిచేసినవాడు. అతనికొక పాత నార్టన్ మోటారు సైకిలుండెను. 500 సీసీ ఇంజను గల ఆ బండికి మహాబలశాలి యను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. 1952 జనవరిలో మిత్రులిద్దరును బ్యూనస్ ఏర్స్ విడిచి బయలుదేరిరి. ఎర్నెస్టోకు అప్పటికి 23 ఏండ్లు. వైద్యపట్టా ఇంకను చేతికి రాలేదు.

దక్షిణ అమెరికా పడమటి అంచున దాదాపు 7000 కిలోమీటర్ల పొడవున ఆండీస్ పర్వతశ్రేణి వ్యాపించియున్నది. మిత్రులు అర్జెంటీనా మైదానములు దాటి, బరిలోచే సరస్సుల మీదుగా ఫిబ్రవరిలో ఆ పర్వతములకు ఆవలనున్న చిలీ దేశము చేరిరి. బరువైన మూటలతో నిండిన బండి కంకరబాటలపై మాటిమాటికి పడిపోవుచుండెను. విరిగిన భాగములను తీగతో కట్టి నడపిరి. కడకు అది కదలకపోగా, లారీపై శాంటియాగో నగరమునకు చేర్చి అచ్చటనే విడిచిరి. బండి పోవుట నష్టమే. అయినను అసలు యాత్ర అచ్చటినుండియే ఆరంభమైనదనవచ్చును. కాలినడకను, లారీల వెనుక కూలీల నడుమ కూర్చుండియు పోవునపుడు వారికి మనుష్యుల బ్రతుకులు దగ్గరగా కనబడెను.

మార్చిలో ఉత్తర చిలీ ఎడారిమార్గమున ఒక రాత్రి వారికి పేద కార్మిక దంపతులు తటస్థపడిరి. భర్త కమ్యూనిస్టు. చిలీ ప్రభుత్వము 1948లో ఆ పార్టీని నిషేధించియుండెను. మూడు మాసములు చెఱసాలలో గడిపిన ఆ కార్మికుడు పనికై కొండలలోని గంధకపు గనులకు పోవుచుండెను. అచ్చటి పని ఎంత కఠినమనగా, వచ్చినవాని రాజకీయములు ఎవరును అడుగరు. చలికి కప్పుకొన దుప్పటియైన లేని ఆ దంపతులకు మిత్రులు తమ దుప్పట్లలో ఒకటి ఇచ్చి, రెండవదానిలో ఇద్దరును ఒదిగి రాత్రి గడపిరి.

పిమ్మట చుకికమాటా రాగి గనిని చూచిరి. రామగుండము ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనులను ఎఱిగినవారికి దాని రూపము ఊహించుట కష్టము కాదు. మెట్లుమెట్లుగా త్రవ్విన మహాగర్తమది. ఆనాడు అమెరికా కంపెనీ చేతిలోనుండెను. ఎర్నెస్టో యంత్రముల గొప్పతనమును మాత్రమే వ్రాసి ఊరకొనలేదు. గని కూలి మరణించినవారిని, రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి మరణించినవారిని తన దినచర్యలో తలచుకొనెను. తానును ఊపిరికై పెనుగులాడినవాడే గదా! గోదావరిఖని కార్మిక కుటుంబములకు ఆ బాధ వివరింప నక్కరలేదు.

పెరూ దేశమున కుజ్కో నగరమును, మాచు పిచ్చు శిథిలములను దర్శించి, ఒకప్పుడు అంతటి కట్టడములు నిర్మించిన జాతివారు నేడు తమ నేలపైననే దీనులై బ్రతుకుట చూచిరి. అమెజాన్ తీరమున సాన్ పాబ్లో కుష్ఠురోగుల ఆశ్రమములో కొన్ని దినములు సేవచేసిరి. రోగులకు చేయి కలిపి, వారితో బంతి ఆడిరి. జూలైలో వెనిజులా రాజధాని కరాకస్ చేరిరి. అచ్చట మిత్రులు విడిపోయిరి. గ్రనాడో అచ్చటి కుష్ఠురోగుల వైద్యశాలలో పనికి కుదిరెను. ఎర్నెస్టో ఇల్లు చేరి, 1953లో వైద్యపట్టా పొందెను.

కాని ఒక్కొక్క రోగికి మందిచ్చినంతమాత్రమున తాను చూచిన దుఃఖము తీరదని ఆయనకు తోచెను. చే యనునది అర్జెంటీనావారు ఓయీ యని పిలుచునట్టి మాట. గ్వాటిమాలాలో క్యూబా మిత్రులు దానినే ఆయనకు పేరు చేసిరి. 1955లో మెక్సికోలో ఫిడెల్ కాస్ట్రోను కలిసికొని, 1956లో 82 మందితో పడవపై క్యూబా చేరి పోరాడెను. 1959లో విప్లవము జయించెను. ఆ యేటనే భారతదేశమునకు వచ్చి ప్రధాని నెహ్రూను దర్శించెను. 1961లో పరిశ్రమల మంత్రి యయ్యెను. లా కబానా కోటలో ఆయన అధికారము క్రింద అమలైన మరణశిక్షలను ఆనాడును, ఈనాడును తప్పుపట్టువారు గలరు. కడకు బొలీవియా కొండలలో పట్టుబడి, 1967 అక్టోబరు 9న కాల్చి చంపబడెను. అప్పటికి ఆయన వయస్సు 39 సంవత్సరములు.

గ్రనాడో 1961లో మిత్రుని పిలుపున క్యూబాకు వచ్చి, వైద్యశాస్త్ర బోధనలో జీవితము గడపి, 2011లో మరణించెను. ఇద్దరును ఒకే బాట నడచిరి. ఒకే దుఃఖమును చూచిరి. ఒకడు తుపాకి పట్టెను, ఒకడు పాఠము చెప్పెను. వీరిలో ఎవరి మార్గము మేలైనదో పాఠకులే తర్కించుకొందురుగాక. చే వ్రాసిన యాత్రాదినచర్య 1993లో గ్రంథముగా వెలువడెను. మన యువకులు దానిని చదువవలెను. తమ చుట్టునున్న బ్రతుకులను కన్నులు తెరచి చూచి, చూచినదానిని వ్రాసియుంచు అలవాటును దానినుండి నేర్వవలెను.